ఉత్తరపు గోడ

ఇల్లు చల్లబడుతోందని ఇర్మెలి ఫోన్ చేసింది.
కయానీ ఊరి చివర, సరస్సు ఒడ్డు, జనవరి.
బయట మైనస్ ఇరవై ఏడు.
ఆమె వంటింటి గోడ మీది తెర మాత్రం
మైనస్ ఆరేనని చల్లగా అబద్ధమాడుతోంది.

పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్లాను.
కలప మిల్లు కాటా దగ్గర ముప్పై ఏళ్లు నిలబడిన మనిషి,
కాఫీ పోయకముందే లెక్క అప్పజెప్పింది:

"మొదట్లో ఈ యంత్రం విమానాశ్రయం మాట వినేది.
విమానాశ్రయం చలి విమానాశ్రయానిది,
నా పెరటి చలి నాది.
గుట్ట మీద వాళ్లకు పన్నెండైతే
పల్లంలో నాకు పద్దెనిమిది.
పొరుగువాళ్ల ఆకలి చూసి మన పొయ్యి మీద ఎసరు పెడతామా?

తర్వాత సెన్సర్ కొని దక్షిణపు గోడకు బిగించాను.
మార్చి ఎండ దాన్ని గారాబం చేసి చెడగొట్టింది.
మోకాటి లోతు మంచులో నిలబడి
ప్లస్ ఇరవై రెండు అంది, సిగ్గు లేకుండా.
హీటర్లు ముసుగుతన్ని పడుకున్నాయి.
నేను కోటు తొడుక్కుని సూప్ తాగాను.

ఇప్పుడున్నది ఉత్తరపు గోడ, చూరు కింద.
ఎండ పడదు, సౌనా గొట్టం ఆవిరి సోకదు.
గాలి ఆడేలా చెక్క పలకలతో గూడు నేనే చేశాను.
మూడేళ్లు గురిగింజ ఎత్తు తేడా రాలేదు.
మొన్న మంగళవారం నుంచి దీనికేదో పట్టింది."

తెర మీద గీత చూపించింది.
పగలంతా బుద్ధిగా నడిచే గీత
పొద్దు గుంకగానే, మూడూ పదికి,
ఒక్క గెంతు గెంతి అటక మీద కూర్చుంటోంది.
తెల్లారి తొమ్మిదిన్నర దాకా దిగదు.
చీకటి పడితే చలి పెరగాలి గానీ తరుగుతుందా?

వైరు తెగలేదు. బ్యాటరీ నిండుగా ఉంది.
నిచ్చెన వేసి, నుదుటికి దీపం కట్టుకుని ఎక్కాను.
పలకల సందులోంచి చూస్తే
పిడికెడు ఉన్ని ఉండ.
పసుపు పొట్ట మీద నల్ల చార,
తల రెక్క కింద దోపుకుని,
సెన్సర్‌ను గుడ్డనుకుందో ఏమో
దాని మీదే పొదిగి కూర్చుంది
మా వైపు తలితియైనెన్ అని పిలుచుకునే పిట్ట.

నాలుగు గదుల ఇంటిని వణికించింది ఇదన్నమాట.

కిందికి దిగి చెప్పాను.
ఇర్మెలి అడిగిన మొదటి మాట, "బరువెంత?"
"పదిహేడు గ్రాములు. తిండి దొరికితే పద్దెనిమిది."
చాలాసేపు కప్పులోకి చూసింది.
"మా కాటాకు అది సున్నా" అంది.

తరిమెయ్యమని ఆమె అనలేదు,
తరమనా అని నేను అడగలేదు.
రెండు మూరల అవతల ఇంకో సెన్సర్ బిగించాను,
ఈసారి జల్లెడ మూతతో.
ఇల్లు ఇక దాని మాటే వింటుంది.
పాతది ఊరికే ఉంటుంది.
ఊరికే అంటే, రాత్రిళ్లు తెర మీద రెండు గీతలు,
వాటి మధ్య నాలుగు వేళ్ల ఎడం.
ఆ ఎడమే పిట్ట.

అరవై యూరోలూ, దాల్చినచెక్క బన్నూ చేతిలో పెట్టి పంపింది.

ఫిబ్రవరిలో మళ్లీ ఫోన్.
"ఇల్లు వెచ్చగానే ఉంది" అంది.
"మరేమిటి?"
"అయిదవుతోంది. రెండు గీతలూ కలిసే ఉన్నాయి.
రెండూ మైనస్ ముప్పై ఒకటి.
రెండూ నిజమే చెబుతున్నాయి."

దీనికి మరమ్మతు నాకెవరూ నేర్పలేదు.
ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.
అటువైపు గొట్టాల్లో వేడినీళ్లు నడిచే చప్పుడు,
ఇటువైపు నా వ్యాను అద్దం మీద మంచు గీరుకుంటున్న తుడుపు.

అయిదూ పన్నెండుకు
"పాతది ముప్పై" అంది.
కాస్త ఆగి, "ఇరవై ఎనిమిది."
ఆ తర్వాత
అంకెలు చెప్పడం మానేసింది.